కోల్‌బీలో ఇల్లు: డైరీ పుటలు

2023 జనవరి 26, గురువారం

మధ్యాహ్నం బాపు వీడియో కాల్ చేశాడు. ఉట్నూరులో జెండా వందనం అయిపోయిందట, పిల్లలకు బూందీ పంచుతున్నారట. ఇక్కడ సిడ్నీలోనూ సెలవే. వీధి చివరింటి నుంచి బార్బెక్యూ పొగ. మా తెలుగు సంఘం వాళ్లు రెండు దేశాల జెండాలూ పక్కపక్కన పెట్టి "డబుల్ ధమాకా" అని గ్రూపులో గ్రీటింగ్ పంపారు. ఒకటి మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. రెండోది 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో దిగి బ్రిటిష్ జెండా ఎత్తిన రోజు. ఒకే సామ్రాజ్యం రావడాన్నీ పోవడాన్నీ ఒకే పూట పండుగ చేసుకునే జనం ప్రపంచంలో మనమే కాబోలు.

మా పౌరసత్వం కూడా ఇదే తేదీన వచ్చింది. కౌన్సిల్ హాల్లో ప్రమాణం, చేతికో మొక్క, మేయరుతో ఫొటో. అప్పటికి ఈ తేదీ సంగతి నాకు పెద్దగా పట్టలేదు. పోయిన డిసెంబరు నుంచి ఈ వేడుకను 26నే కాకుండా మూడు రోజులు ముందో వెనకో పెట్టుకునే వీలు కౌన్సిళ్లకు ఇచ్చారు. కొన్ని మార్చుకున్నాయి కూడా.

1938లో, అంటే ఆ జెండాకు 150 ఏళ్లు నిండినప్పుడు, సిడ్నీలో పెద్ద ఊరేగింపు, నాటి ఓడ దిగిన ఘట్టం మళ్లీ నాటకంలా. అందులో తెల్లవాళ్లను చూసి పారిపోయే ఆదివాసుల వేషాలకు సిడ్నీ ఆదివాసులు ఒప్పుకోలేదు. మెనిండీ లాంటి దూరపు చోట్ల నుంచి మగవాళ్లను తెచ్చి వేషాలు కట్టించారు. అదే రోజు ఎలిజబెత్ స్ట్రీట్‌లోని ఆస్ట్రేలియన్ హాల్లో జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్, విలియం కూపర్ లాంటివాళ్లు చేరి సంతాప దినం పాటించారు, మాకూ పౌరులుగా సమాన హక్కులివ్వండని తీర్మానం చేశారు. వేషం కట్టినవాళ్లను ఊరేగింపుకు ముందు పోలీసు బ్యారక్స్‌లో ఉంచారని చదివాక "డబుల్ ధమాకా" గ్రీటింగ్‌కు లైక్ కొట్టబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పి ఇవాళ్టికి 15 ఏళ్లు. ఆఫీసులో మార్నింగ్ టీ. కేకు మీద ఎరుపు, పసుపు, నలుపు క్రీము.

క్షమాపణ దేనికో కేకు తినేవాళ్లలో సగం మందికి తెలియదు. ఈ న్యూ సౌత్ వేల్స్‌లోనే ఆదివాసుల 'సంరక్షణ' బోర్డు ఒకటి ఉండేది. 1915 తర్వాత కోర్టు అనుమతి కూడా లేకుండా బిడ్డను తల్లి ఒడిలోంచి తీసుకుపోయే అధికారం దానికి వచ్చింది. ఆడపిల్లలను కూటమండ్రా హోముకు పంపేవారు, ఇంటి పనులు నేర్పి పాచి పనికి పెట్టడానికి. మగపిల్లలను కెంప్సీ దగ్గర కించెలా హోముకు. అక్కడ పిల్లలకు పేర్లు తీసేసి నంబర్లిచ్చారు. 1997లో వచ్చిన నివేదిక వీళ్ల మాటలనే ఆధారంగా చేసుకుంది. అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పనన్నాడు. ఈలోగా మామూలు జనమే 'సారీ బుక్స్' అని లైబ్రరీల్లో, బళ్లలో, చర్చిల్లో పుస్తకాలు తెరిచి సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. ప్రభుత్వం నోరు విప్పడానికి పదేళ్ల ముందే వీధుల్లో ఆ పని జరిగింది.

2017లో ఈ రాష్ట్రం బతికున్న బాధితులకు తలా 75,000 డాలర్లు ఇచ్చే పథకం పెట్టింది. మా కోల్‌బీలో ఆ డబ్బుతో కారు షెడ్డు కూడా రాదు.

మార్చి 9, గురువారం

ప్రతి మీటింగు ముందూ చదివే ఆ నాలుగు వాక్యాలు: ఈ నేల అసలు సంరక్షకులైన ఫలానా జాతికి నమస్కారం, వాళ్ల పెద్దలకు గౌరవం. ఇవాళ చదవాల్సిన వంతు మా టీములో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడిది. స్లయిడు మీదున్నది ఒకే ఊపిరిలో చదివి "నెక్స్ట్ స్లయిడ్ ప్లీజ్" అన్నాడు. వాణ్ని తప్పుపట్టను. మన బళ్లో ప్రతిజ్ఞ మనమూ అలాగే చదివాం.

కంపెనీలు 2006 నుంచి ఆదివాసులతో సయోధ్య ప్రణాళికలని రాసుకుంటున్నాయి. మంచివీ ఉన్నాయి. ఎంతమంది ఆదివాసులను ఉద్యోగంలోకి తీసుకున్నారు, వాళ్ల కంపెనీల నుంచి ఎంత సరుకు కొన్నారు అని లెక్క చెప్పేవి. గోడ మీద చుక్కల పెయింటింగు వేసి చేతులు దులుపుకునేవీ ఉన్నాయి. ఏది ఏ రకమో తెలుసుకోవాలంటే ప్రణాళికలో అంకెలున్న పేజీ ఉందో లేదో చూస్తే చాలు.

ఏప్రిల్ 10, ఈస్టర్ సోమవారం

మా ఇంటికి కారులో కొద్ది నిమిషాల దూరం. రిచ్‌మండ్ రోడ్డూ రూటీ హిల్ రోడ్డూ కలిసే మూల. ఈ దారిన ఎన్నిసార్లు మార్స్‌డెన్ పార్కు షాపింగుకు పోయానో, ఆ ఖాళీ స్థలం ఇంకా ప్లాట్లు వేయని వెంచర్ అనుకున్నాను. చుట్టూ కొత్త ఇళ్లు, మధ్యలో మోకాలెత్తు గడ్డి, పాత చెట్లు కొన్ని.

1823లో ఇక్కడ నేటివ్ ఇన్‌స్టిట్యూషన్ ఉండేది. గవర్నర్ మక్వారీ మొదట పరమట్టాలో పెట్టిన బడి అది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచి చదువూ క్రైస్తవమూ నేర్పడం దాని పని. తర్వాత ఇక్కడికి మార్చారు. బ్లాక్‌టౌన్ ఊరికి ఆ పేరు రావడం వెనక ఉన్నది కూడా ఈ చుట్టుపక్కలి ఆదివాసుల ఆవాసమే.

ఆ బడిలో మొదట్లో చేరినవాళ్లలో మారియా ఒకతె. ఇక్కడి ఆదివాసులైన దారుగ్ జనం పెద్ద యరమండీ కూతురు. 1819లో పరీక్ష పెడితే తెల్ల పిల్లలందరినీ దాటి ఫస్టొచ్చింది. 1824లో రాబర్ట్ లాక్ అనే శిక్షపడ్డ వడ్రంగిని పెళ్లి చేసుకుంది. అతను ఖైదీ కాబట్టి ఎవరో ఒకరి అజమాయిషీలో ఉండాలి. భార్య అజమాయిషీకే అప్పజెప్పారు! ఆమె అన్న కోల్‌బీ. ప్రభుత్వ సైన్యానికి దారి చూపినందుకు అతనికీ నరాజింజీ అనే మరొకతనికీ కలిపి 30 ఎకరాలు ఇస్తామని 1816లో మక్వారీ మాటిచ్చాడు. ఆదివాసులకు ప్రభుత్వం ఇచ్చిన మొదటి భూమి. వేల ఏళ్లుగా వాళ్లదే అయిన నేలలోంచి 30 ఎకరాలు బహుమానం! ఆ అన్న పోయాక ఆ భూమి నాకు రావాలని 1831లో మారియా గవర్నరుకు అర్జీ పెట్టుకుంది. రావడానికి 1843 దాకా పట్టింది. పన్నెండేళ్లు! మన తహసీల్దారు ఆఫీసు నయమనిపించింది.

మా ఊరి పేరు ఆ కోల్‌బీదే. ఇల్లు బుక్ చేసినప్పుడు బిల్డర్ ఇచ్చిన రంగుల బ్రోచరులో స్కూళ్లు, గోల్ఫు, రైలు స్టేషను దూరం ఉన్నాయి. ఇది లేదు.

ఆ మూల స్థలాన్ని 2018లో దారుగ్ జనానికి తిరిగిచ్చారు. ప్రభుత్వం చేతిలోంచి ఒక దారుగ్ సంస్థ చేతిలోకి, కాగితాలతో సహా. గడ్డి అలాగే ఉంది. ఏం కట్టాలో, అసలు కట్టాలో వద్దో తేల్చుకునేది ఇక వాళ్లే.

ఏప్రిల్ 20, గురువారం

ఇంద్రవెల్లి. 1981, ఇదే తేదీ. సోమవారం సంత. గిరిజన రైతుకూలీ సంఘం సభకు గోండులు ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చారు. పోలీసు కాల్పుల్లో 13 మంది అని ప్రభుత్వం లెక్క. అరవైకి పైనే అని అక్కడివాళ్ల లెక్క. స్తూపం కడితే 1986లో దాన్ని పేల్చేశారు, మళ్లీ కట్టారు. ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి ఈ రోజున 144 సెక్షన్ పెట్టి, చనిపోయినవాళ్ల సొంత మనుషులు దండ వేయడానికి వచ్చినా ఆపేవారు.

ఫోన్లో అడిగాను. "బాపూ, ఆ రోజు మీరెక్కడున్నరు?"

"దుకాణంలనే. షెట్టర్ సగం దించుకొని కూసున్నం. జీపులు పోతుంటే చూసినం."

"తర్వాత అసుంటి కుటుంబాలోళ్లు ఎవరైనా దుకాణానికి వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు బిడ్డా, ఎందుకు రారు. ఉప్పు కావాలె, బట్ట కావాలె. ఎవ్వలం ఏం మాట్లాడలే."

మా తాత ఉట్నూరులో బట్టల కొట్టు పెట్టినప్పుడు చుట్టూ గోండుల, కొలాముల భూములే. 1/70 చట్టం వచ్చింది 1970లో. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని, గిరిజనేతరుల దగ్గరున్నదీ గిరిజనులకే అమ్మాలని. బాపు ఆ చట్టం పేరెత్తితే ఇప్పటికీ గొంతు మారుస్తాడు. నేను సిడ్నీలో కూర్చుని ఆదివాసుల హక్కుల గురించి మాట్లాడటం తేలిక. ఉట్నూరు ఇంటి వరండాలో కూర్చుని మాట్లాడితే అన్నం ముందు నుంచి లేచిపోతారు.

మే 28, ఆదివారం

సయోధ్య వారం నడుస్తోంది. ఎప్పుడూ మే 27న మొదలై జూన్ 3న ముగుస్తుంది. 1967లో ఆదివాసులను జనాభా లెక్కల్లో కలుపుకోవడానికి, వాళ్ల కోసం కేంద్రం చట్టాలు చేయడానికి జరిగిన రెఫరెండం మొదటి తేదీ. 90 శాతం పైగా అవునన్నారు. చివరి తేదీ మాబో తీర్పుది.

మా ప్రాంతంలో సయోధ్య బృందం ఒకటుంది. నెలకోసారి లైబ్రరీ వెనక గదిలో చేరుతుంది. రిటైరైన టీచరు ఒకావిడ, ఇద్దరు దారుగ్ పెద్దావిడలు, ఒక నర్సు, ఒక లెబనీస్ బేకరీ ఆయన, ఈ మధ్య నేను. ఇక్కడి ఆదివాసులూ పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, నాకు నోరు తిరగడానికి ఇబ్బందే లేదు.

టీచరు ఇవాళ 2000 మే 28 గురించి చెప్పారు. హార్బర్ బ్రిడ్జి మీద రెండున్నర లక్షల మంది నడిచారు. ఆ గుంపు వంతెన దాటడానికి ఆరు గంటలు పట్టింది. పైన విమానం ఒకటి నీలాకాశంలో పొగతో 'సారీ' అని రాసింది. ఆవిడ చంటిబిడ్డను వీపున కట్టుకుని నడిచారట. ప్రధాని రాలేదు. "నడిచి దిగాక ఏం జరిగింది?" అనడిగితే ఆంటీ నవ్వి, "రైలెక్కి ఇంటికి పోయారు" అంది. టీచరూ నవ్వారు, కాస్త ఆలస్యంగా.

సయోధ్య అనే ఈ అధికారిక కార్యక్రమం అసలు పుట్టింది జైళ్లలోంచి. పోలీసు కస్టడీలో, జైళ్లలో 99 మంది ఆదివాసుల చావుల మీద వేసిన రాయల్ కమిషన్ 1991లో 339 సిఫార్సులు చేసింది. ఆ చివరిది, 339వది, సయోధ్య గురించి. అందరికీ అదొక్కటే బాగా నచ్చింది. దేశ జనాభాలో 4 శాతం కూడా లేని ఆదివాసులు ఇవాళ్టికీ ఖైదీల్లో మూడో వంతు. ముందున్న 338 చదివినవాళ్లు తక్కువ.

జూన్ 3, శనివారం

ఎడ్డీ మాబో టౌన్స్‌విల్ యూనివర్సిటీలో తోటమాలి. మర్రీ దీవిలో తన తండ్రుల భూమి తనదే అనుకుంటూ బతికాడు. చట్టం ప్రకారం అది ప్రభుత్వానిదని అక్కడి చరిత్ర అధ్యాపకులు చెప్పేదాకా తెలియదు. కోర్టుకెక్కాడు. 1992 జనవరిలో చనిపోయాడు, జూన్ 3న గెలిచాడు.

జూన్ 9, శుక్రవారం

సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ ఇవాళ క్షమాపణ వేసింది. దేనికి? 1838లో, అప్పుడు 'సిడ్నీ హెరాల్డ్'గా ఉన్నప్పుడు, మయల్ క్రీక్ ఊచకోత గురించి తాను రాసిన రాతలకు. హంతకుల మీద విచారణే వద్దని ఆ పత్రిక ప్రచారం చేసింది. 185 ఏళ్లకు సంపాదకీయం! ఆలస్యమని నవ్వొచ్చింది గానీ, మన పత్రికల పాత ఫైళ్లు తీసి ఇట్లాంటి పని ఎవరైనా చేస్తారా అనుకుంటే నవ్వు ఆగింది.

రేపు ఆ మయల్ క్రీక్ దగ్గరి ఊరు బింగారాకు బయల్దేరుతున్నాం. మా ఆయన కారు టైర్లలో గాలి చూస్తున్నాడు.

జూన్ 10, శనివారం. బింగారా

సిడ్నీ నుంచి ఉత్తరానికి దాదాపు ఏడు గంటల డ్రైవు. చిన్న ఊరు. మెయిన్ రోడ్డుకు నారింజ చెట్లు, పసుపు కాయలతో విరగకాసి ఉన్నాయి. ప్రపంచ యుద్ధాల్లో పోయిన ఈ ఊరి కుర్రాళ్ల జ్ఞాపకంగా నాటినవి. ఎవరూ ఒక్క కాయ ముట్టరు. ఏటా ఒక రోజు బడిపిల్లలు వచ్చి కోస్తారు. మా పెద్దోడు చేయి చాపబోయి బోర్డు చదివి వెనక్కి తీసుకున్నాడు.

రాక్సీ అని పాత సినిమా థియేటరు, పక్కనే కఫే. 1936లో గ్రీసు నుంచి వచ్చిన ముగ్గురు కట్టించారు. అంటే మనలాంటి వలసోళ్లు. సొంతూళ్లో లేనంత పెద్ద భవనం పరాయి ఊళ్లో కట్టడం మనకూ తెలిసిన జబ్బే. ఇప్పుడు దాంట్లో గ్రీకుల మ్యూజియం ఉంది.

యుద్ధంలో పోయినవాళ్లను ఇంత శ్రద్ధగా కాపాడుకునే ఊరు, ఇక్కడికి కొద్ది దూరంలో చంపబడ్డ 28 మందిని 160 ఏళ్లు తలచుకోలేదు. 1960లలో లెన్ పేన్ అనే ఈ ఊరతను స్మారకం కడదామంటే చాలామంది వద్దన్నారు. పాత గాయాలెందుకు కెలకడం అని. అతను ఊరుకోక దండ పెట్టి వచ్చేవాడట.

జూన్ 11, ఆదివారం. మయల్ క్రీక్

గడ్డి మీద తెల్లగా మంచు, నోట్లోంచి పొగలు. మయల్ క్రీక్ హాలంటే రేకుల కప్పున్న పల్లెటూరి హాలు. వందల మంది జనం, బస్సుల్లో బడిపిల్లలు. ఆదివాసులెంతమందో తెల్లవాళ్లూ అంతమంది. పచ్చి యూకలిప్టస్ ఆకులు నిప్పు మీద వేశారు. ఆ పొగలోంచి ఒక్కొక్కరం నడిచాం. మా ఆయన స్వెట్టర్‌కు ఇంకా ఆ వాసన ఉంది.

అక్కడి నుంచి గుట్ట అంచున దారి. ఎర్ర కంకర పరిచిన సన్నని బాట, వంకరలు తిరుగుతూ అర కిలోమీటరు పైన. మధ్యమధ్య ఏడు బండరాళ్లు, వాటి మీద ఫలకాలు, గమిలరాయ్ భాషలో, ఇంగ్లిష్‌లో. ఒక్కో రాయి దగ్గర ఆగాలి. అక్కడున్నది పిల్లలు గట్టిగా చదువుతారు. పదేళ్లుండని ఒక పిల్ల, ముక్కు చీదుకుంటూ, కత్తులతో నరికారన్న ముక్క చదివింది. చుట్టూ కంకర మీద ఎవరి కాలూ కదల్లేదు.

జరిగింది ఇది. విర్రాయరాయ్ జనం కొందరు హెన్రీ డాంగర్ అనే భూస్వామి గొడ్ల సావిడి దగ్గర కొన్ని వారాలుగా ఉంటున్నారు, అక్కడి పనివాళ్లతో చనువుగా. 1838 జూన్ 10 సాయంత్రం వయసు మగవాళ్లు బెరడు కోయడానికి పక్క సావిడికి పోయి ఉన్నారు. గుర్రాల మీద వచ్చినవాళ్లు మిగిలిన ముసలివాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను ఒకే తాడుకు కట్టి గుట్ట పక్కకు నడిపించుకుపోయారు. 28 మంది. తర్వాత వచ్చి శవాలు కాల్చారు. రోజూ వాళ్లతో పాటలు పాడించుకుని ఆడిన కిల్‌మైస్టర్ అనే కాపరి కూడా ఆ గుర్రాలతో పోయాడు. నాకు మింగుడుపడనిది ఇతను. మిగతావాళ్లు పరాయివాళ్లు.

సావిడి మేనేజరు విలియం హాబ్స్ తిరిగొచ్చి చూసి పైకి రాశాడు. గుడిసె కాపలా జార్జ్ ఆండర్సన్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 11 మంది మీద కేసు. మొదటి జ్యూరీ పావుగంటలో నిర్దోషులని తేల్చింది. మళ్లీ విచారణ జరిపితే ఏడుగురికి శిక్ష పడింది, డిసెంబర్ 18న ఉరితీశారు. ముఠా నాయకుడు జాన్ ఫ్లెమింగ్ దొరకలేదు. అంతా తెలిసిన యింటయింటిన్ అనే ఆదివాసీ కుర్రాడి సాక్ష్యం, క్రైస్తవుడు కాడు గనక ప్రమాణం చెల్లదన్నారు. తర్వాత అతను కనబడకుండా పోయాడు. ఈ ఉరి తర్వాత ఊచకోతలు ఆగలేదు, సాక్షులు లేకుండా చేయడం నేర్చుకున్నారు.

1998లో యునైటింగ్ చర్చి వాళ్లు పిలిస్తే ఈ హాల్లో కొంతమంది కూర్చున్నారు. అట్లా కమిటీ పుట్టింది. 2000 జూన్ 10న చివరి పెద్ద బండరాయి, 14 టన్నులది, నిలబెట్టారు. ఆ రోజు ఆ గుర్రాల మీద వచ్చినవాళ్ల వంశంలోని ఇద్దరు ముందుకొచ్చి, తప్పించుకున్నవాళ్ల వంశంలోని స్యూ బ్లాక్‌లాక్‌ను కలుసుకున్నారు. ఫలానా మనిషి నా ముత్తాత తరం వాడు, అతను ఈ పని చేశాడు, అని ఆ గుట్ట మీద చెప్పారు. అంతే. ప్రధాని లేడు, కేకు లేదు.

హార్బర్ బ్రిడ్జి మీది రెండున్నర లక్షల మంది కంటే నాకు ఈ ముగ్గురి మాటే ఎక్కువ బరువనిపిస్తుంది. బ్రిడ్జి మీద అందరూ మంచివాళ్లే, తప్పు చేసింది ఎవరో. ఇక్కడ ఎవరు చేశారో పేరుంది, ఏ రోజో ఉంది, ఏ తాడుతోనో ఉంది.

హాల్లో టీ, స్కోన్లు, సాండ్‌విచ్‌లు, ఊరి ఆడవాళ్లు చేసి పెట్టినవి. నేను పులిహోర డబ్బా తీశాను. ఒక ముసలి పెద్దమనిషి రెండోసారి వడ్డించుకుని ఆవాలు ఏమిటని అడిగాడు.

సెప్టెంబర్ 23, శనివారం

వినాయక నిమజ్జనం, తర్వాత భోజనాలు. పార్లమెంటుకు సలహా చెప్పే ఆదివాసీ సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అని వచ్చే నెల ఓటు. దాని మీద వాదన ముదిరింది. "తెలియకపోతే నో కొట్టండి" అన్న నినాదం మనవాళ్లకు బాగా ఎక్కింది.

"అక్కా, మనం నిన్నగాక మొన్న వచ్చినం. 1788లో జరిగినదానికి మనకేం సంబంధం? మనల్నీ వాళ్లే దోచుకున్నరు గదా" అన్నాడు నిజామాబాద్ తమ్ముడొకడు. కాదనలేని మాటే.

"హైదరాబాద్‌లో ప్లాటు కొనేటప్పుడు ఈసీ తీయించినవా లేదా?"

"తీయించిన."

"అమ్మినోడు చేసిన అప్పుకు నీకేం సంబంధమని ఊరుకున్నవా? ఇక్కడ ఇంటికి ఆ ఈసీ 1788 దాకా పోతది, మనం చూడలేదంతే."

నవ్వాడు. ఓటు మారిందో లేదో నాకు తెలియదు. మా ఆయన మాత్రం పాయసం గిన్నె నా చేతిలో పెట్టి "ఇక వదిలెయ్" అన్నాడు.

అక్టోబర్ 14, శనివారం

బడి ఆవరణలో ఓటు, బయట సాసేజ్ బండి. ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా ఉంది గనక అందరూ వచ్చారు. పోలింగ్ ముగిసిన గంటన్నరకే టీవీలో తేలిపోయింది. అరవై శాతం నో. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా అవుననలేదు. మా పశ్చిమ సిడ్నీ కూడా.

అక్టోబర్ 21, శనివారం

ఎస్ ప్రచారం చేసిన ఆదివాసీ నాయకులు వారం రోజులు మౌనం పాటించారు. ఆఫీసులో ఆ నాలుగు వాక్యాలు మామూలుగానే చదివారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

నవంబర్ 26, ఆదివారం

బృందం చేరింది. ఎవరూ రారేమో అనుకున్నాను. బేకరీ ఆయన పైలు తెచ్చాడు. టీచరు రెఫరెండం గురించి చెప్పబోతే ఆంటీ ఆపేసింది. "ఈ గదిలో మేం ఓటు కోసం కూర్చోలేదు. ఓటు పోతే లేచిపోవడానికి. బెల్స్ క్రీక్ పక్క మొక్కలకు నీళ్లెవరు పోస్తారు, అది చెప్పండి" అంది. వంతులు రాసుకున్నాం. జనవరి రెండో వారం నాది, ఎండలు మండేటప్పుడు.

దేశం మొత్తాన్ని ఒకేసారి మంచి చేద్దామన్న ఆశ నాకు పోయింది, పోతే పోయింది. మయల్ క్రీక్ కమిటీ రాజ్యాంగం మారేదాకా ఆగి ఉంటే ఆ బండరాయి ఇంకా క్వారీలోనే ఉండేది.

2024 ఫిబ్రవరి 3, శనివారం

నిన్న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నివాళులర్పించారు. స్మృతివనం మాట కూడా వార్తల్లో ఉంది. దండ వేయనివ్వని చోట ప్రభుత్వమే దండ వేసింది. చిన్న విషయం కాదు. అయినా స్మృతివనం కట్టేది ప్రభుత్వం. ఉట్నూరు షావుకార్లు, ఆసామీలు, వాళ్ల పిల్లలం, అంటే నాలాంటివాళ్లం, ఆ పక్కకు ఇంకా పోలేదు.

బాపుతో అన్నాను: "ఈ ఏప్రిల్ 20న ఒక్కసారి పోయి దండేసి రారాదు."

చాలాసేపు ఏమీ అనలేదు. "మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా" అన్నాడు. తర్వాత, "తమ్ముడు బండి తీస్తే చూద్దాం" అన్నాడు.

మే 26, ఆదివారం

బాపు పోలేదు. వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను.

తెలుగు సంఘం గ్రూపులో ఇవాళ పెట్టిన సందేశం ఇక్కడా రాసుకుంటున్నా: మయల్ క్రీక్ సంస్మరణ ఏటా జూన్‌లో కింగ్స్ బర్త్‌డే సెలవుకు ముందు ఆదివారం జరుగుతుంది. ఈసారి 9వ తేదీ. బింగారాలో గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోండి. పొద్దున గడ్డకట్టే చలి, పిల్లలకు స్వెట్టర్లు, టోపీలు తప్పనిసరి. మా కారులో వెనక రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి, శనివారం తెల్లవారుజామున బయల్దేరతాం. వచ్చేవాళ్లు ఫోన్ చేయండి.